సాయంకాలపు కాలేజీ

మా బడిలో పదో తరగతి పిల్లల్ని సార్లు అడిగే ప్రశ్న, "తర్వాత ఏం చదువుతావు?" అని. మా వీధిలో అడిగే ప్రశ్న వేరే. "తర్వాత చదువుతావా, పనికి పోతావా?" అంటారు. అడిగేవాళ్లది తప్పు కాదు. ఇంట్లో ఇంకొక సంపాదన కావాలి, అంతే. 1989లో ప్లస్ టూ ముగించినప్పుడు మా నాయనని కూడా ఇదే అడిగారు. నాయన "రెండూ" అన్నాడు. అట్లా అనగలిగాడంటే అప్పుడు సాయంకాలపు కాలేజీ అనేది ఒకటి ఉండింది కాబట్టి.

మేముండేది ఉత్తర చెన్నైలో వాషర్‌మన్‌పేట. మా అవ్వ ఇప్పటికీ చాకలిపేట అనే అంటుంది. నాయన పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాడు. ప్లస్ టూలో కామర్స్ తీసుకున్నాడు. పరీక్షల ఫలితాలు రాకముందే ప్యారిస్ దగ్గర ఆండర్సన్ వీధిలో ఒక కాగితాల దుకాణంలో గుమాస్తాగా చేరాడు. ఆ వీధిలో ఎటు చూసినా కాగితం కట్టలు, పెళ్లి పత్రికలే. పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం అయిదు దాకా పని. అక్కణ్ణించి పరుగు లాంటి నడక. అయిదున్నరకు కాలేజీలో మొదటి గంట కొడతారు. ఎనిమిదిన్నరకు చివరి గంట. ఇంటికొచ్చి అన్నం తినేసరికి తొమ్మిదిన్నర. మూడేళ్లు ఇట్లాగే గడిపి బి.కాం. పూర్తి చేశాడు.

ఆ తరగతి ఎట్లా ఉండేదో నాయన చెప్తుంటే వినాలి. అరవై మందిలో పట్టుమని పదిమంది కూడా ఒకే వయసువాళ్లు లేరట. హార్బర్‌లో లెక్కలు రాసే ఆయన, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఆయన, బ్యాంకులో ప్యూను, టైపిస్టులు, పెళ్లయి పిల్లలున్న వాళ్లు. ఆడవాళ్లు నలుగురే. వాళ్లకోసం అన్నో, నాన్నో గేటు దగ్గర కాచుకొని ఉండేవాళ్లు. మొదటి బెంచీ కోసం ఎవరూ పోటీ పడేవాళ్లు కాదు, ఫ్యాను కింది బెంచీకే పోటీ. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన ఒకాయన రోజూ మొదటి గంటలో తల వాల్చేవాడు. ఒకరోజు పక్కవాడు తట్టి లేపబోతే అకౌంట్స్ సార్ ఆపారు. "పది నిమిషాలు పడుకోనీ. లేచాక నీ నోట్సు ఇవ్వు, అది చాలు" అన్నారట. ఆ సార్ కూడా పగలు ఒక కంపెనీలో పనిచేసి వచ్చేవారు.

అక్కడ చదివింది మూడు రకాల చదువు. ఒకటి వాణిజ్యం. రెండోది, బి.కాం.లో ఒక భాగంగానూ తర్వాత విడిగానూ బీమా. మూడోది, డిగ్రీ అయ్యాక ఆరు నెలలు సాయంత్రం పూట కంప్యూటర్.

వాణిజ్య చదువుకి మా ఊళ్లో పాత చరిత్రే ఉంది. పచ్చయ్యప్ప ధర్మసంస్థ ట్రస్టీలు 1886లో మద్రాసులో వాణిజ్య పాఠశాల పెట్టారు. మన దేశంలో ఈ చదువు అక్కడే మొదలైందని పుస్తకాలు రాస్తాయి. నాయనకి మాత్రం అకౌంట్స్ కొత్తగా అనిపించలేదట. దుకాణంలో ముసలి గుమాస్తా ఒకాయన తెలుగువాడే. ఆయన చిట్టా, ఆవర్జా, అంకణా అనేవాడు. కాలేజీలో జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అన్నారు. పొద్దున తెలుగులో చేసిన పనికి సాయంత్రం ఇంగ్లీషులో పేరు పెట్టేవాళ్లు, అంతే తేడా. ప్రతి లావాదేవీకి రెండు వైపులు రాయాలనే ఈ జంటపద్దు విధానాన్ని ఇటలీలో లూకా పాచియోలీ అనే ఆయన 1494లో అచ్చు పుస్తకంలో వివరించాడని సార్ చెబితే, మర్నాడు నాయన ఆ ముసలి గుమాస్తాకి చెప్పాడట. ఆయన కళ్లజోడు పైకి తోసి, "అయితే నేను ఇన్నాళ్లూ ఇటలీ లెక్కే రాస్తున్నానన్నమాట" అన్నాడట.

కష్టమంతా ఇంగ్లీషుతోనే. లెక్క వచ్చేది, దానికి రాయాల్సిన వాక్యం వచ్చేది కాదు. అందుకని నాయన ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాడు. ఎడమ పేజీలో ఇంగ్లీషు మాట, కుడి పేజీలో తనకు అర్థమైన తెలుగు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. అట్ట ఊడిపోయింది, కానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. కొన్ని ఇక్కడ రాస్తాను.

ఇండెమ్నిటీ: పోయినంతే ఇస్తారు, అంతకు మించి లేదు.
అట్మోస్ట్ గుడ్ ఫెయిత్: అడిగినా అడక్కపోయినా దాచకుండా చెప్పడం.
నామినీ: డబ్బు చేత పుచ్చుకునే మనిషి.
ల్యాప్స్: కట్టడం మానితే పాలసీ ఆగిపోవడం.
సరెండర్ వాల్యూ: మధ్యలో విడిచిపెడితే చేతికొచ్చేది.
పెయిడప్: కట్టినంతకు కట్టినంత.

ఇవి నిఘంటువు అర్థాలు కావు. మా తెలుగు సార్‌కి చూపిస్తే రెండుసార్లు చదివి, "నిఘంటువులో ఉన్నవాటికంటే ఇవి తొందరగా తలకెక్కుతాయి" అన్నారు.

ఇందులో చివరి మాట మా వీధిలో ఒక ఇంటిని ఆదుకుంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా దాన్ని గురించి చెప్పాలనే.

1991లో మా పక్క సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సు పనివాడు చనిపోయాడు. ఆయనకి ఇరవై వేల రూపాయల జీవిత బీమా ఉండేది. ఇరవై ఏళ్ల పాలసీ, మూడు నెలలకొకసారి కట్టాలి. ఏడేళ్లు కట్టాడు. ప్రెస్సు మూతపడ్డాక రెండేళ్లు కట్టలేకపోయాడు. ఆ తర్వాత జబ్బు చేసి పోయాడు. కట్టడం మానితే అంతా పోయినట్టేనని అందరూ ఆయన భార్యకి చెప్పారు. ఆమె కూడా అదే నిజమనుకుంది. మేము పెద్దమ్మ అని పిలిచే ఆమె ఆ పాలసీ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున పరిచి, దానిమీద చీరలు పెట్టుకుంది.

సరిగ్గా ఆ నెలలోనే కాలేజీలో బీమా పాఠం నడుస్తోంది. మూడేళ్లకు తక్కువ కాకుండా కట్టి తర్వాత మానేస్తే, అలాంటి పాలసీ పూర్తిగా చచ్చిపోదు, పెయిడప్ అవుతుంది అని సార్ బోర్డు మీద లెక్క వేశారు. కట్టిన వాయిదాలని మొత్తం కట్టాల్సిన వాయిదాలతో భాగించి, బీమా మొత్తంతో గుణించాలి. నాయన ఆ రాత్రి అన్నం తినకుండానే పెద్దమ్మ ఇంటికి పోయాడు.

"పెద్దమ్మా, పెదనాయన పాలసీ కాగితం ఉందా?"

"ఉందిగానీ అదెందుకు నాయనా? అది చెల్లదన్నారు కదా."

"చెల్లేదీ లేనిదీ కాగితమే చెప్తుంది. ఒకసారి ఇటియ్యి."

చీరలన్నీ బయట పెట్టి కాగితం తీశారు. రసీదులు బిస్కెట్ల డబ్బాలో దొరికాయి. నాయన నేలమీద వరసగా పేర్చి లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది ఉన్నాయి. ఇరవై ఏళ్లకి మొత్తం ఎనభై వాయిదాలు. ఇరవై వేలని ఇరవై ఎనిమిదితో గుణించి ఎనభైతో భాగిస్తే ఏడు వేలు. పాలసీ నడిచిన ఏడేళ్లలో చేరిన బోనసు దానికి అదనం. నామినీగా పెద్దమ్మ పేరే ఉంది. పాలసీ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న షరతుల్ని నాయన మూడుసార్లు చదివి, మర్నాడు కాలేజీలో సార్‌కి చూపించాడు. సార్ అవునన్నారు. ఉత్తరం ఎట్లా రాయాలో చెప్పి, నాయన చేతే రాయించారు. అది నాయన ఇంగ్లీషులో రాసిన మొదటి నిజమైన ఉత్తరం. దానితోపాటు మరణ ధ్రువపత్రం, అసలు పాలసీ, పూర్తి చేసిన క్లెయిము ఫారం ఇచ్చారు. మూడు నెలలకి చెక్కు వచ్చింది. పెద్దమ్మ ఒక కుట్టుమిషను కొనుక్కుంది. మిగతాది కూతురి చదువుకి దాచింది. ఆ కుట్టుమిషను మీదే నా బడి యూనిఫాం కుట్టింది.

ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. వీధిలో ఎవరికీ ఆ కాగితం చదవడం రాలేదు, అంతే. అది వచ్చిన మనిషి ఒక్కడు సాయంత్రం పూట తయారయ్యాడు. నాయన పగటి కాలేజీకి పోయుంటే కూడా ఆ పాఠం చదివేవాడే. కానీ పగలంతా రసీదులు లెక్కపెట్టే పనిలో ఉన్నవాడికి, సాయంత్రం విన్న మాట పొద్దున ఎక్కడ పనికొస్తుందో వెంటనే తెలిసిపోతుంది.

బీమా పాఠం వల్ల నాయనకి మన దేశపు చరిత్ర కూడా కొంత తెలిసింది. 1956 సెప్టెంబర్ 1న జీవిత బీమా సంస్థ ఏర్పడినప్పుడు, కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు కలిపి 245 సంస్థలు అందులో కలిసిపోయాయి. 1973 జనవరి 1 నుంచి అగ్ని ప్రమాదం, ఓడ సరుకు, వాహనాల వంటి సాధారణ బీమా కూడా ప్రభుత్వం కిందికి వచ్చింది. వందకు పైగా ఉన్న కంపెనీలని నాలుగుగా చేశారు. ఆ నాలుగింటిలో యునైటెడ్ ఇండియా ప్రధాన కార్యాలయం మన చెన్నైలోనే ఉంది. మౌంట్ రోడ్డులో 1959లో తెరిచిన ఎల్.ఐ.సి. మేడ చాలా ఏళ్లు ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన కట్టడం. మా అవ్వ చిన్నప్పుడు బస్సులోంచి దాని అంతస్తులు లెక్కపెట్టబోయి, బస్సు కదిలిపోయి, ఎన్నడూ పూర్తి చేయలేకపోయిందట.

ఇక కంప్యూటర్ సంగతి. 1992లో డిగ్రీ అయ్యాక నాయన ఒక సెంటరులో ఆరు నెలల సాయంకాలపు కోర్సులో చేరాడు. అంతకు ముందే టైపు పరీక్షలు రెండూ పాసయ్యాడు. జూనియర్‌కి నిమిషానికి ముప్పై మాటలు, సీనియర్‌కి నలభై అయిదు. టైపు మిషను మీద గట్టిగా కొట్టి అలవాటైన వేళ్లు, కంప్యూటర్ మీటల్ని కూడా అట్లాగే బాదేవట. టీచరమ్మ "మెల్లగా, మెల్లగా, అది మేకు కాదు" అనేదట.

ఆ గదిలోకి చెప్పులు బయట విడిచి పోవాలి. ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. కొందరు చలికి తువ్వాలు కప్పుకొని కూర్చునేవాళ్లు. ఒక యంత్రానికి ముగ్గురు. ఒకరు కొడితే ఇద్దరు చూడాలి. నల్లటి తెరమీద పచ్చటి అక్షరాలు. మౌసు లేదు, బొమ్మలు లేవు. ప్రతి పనికీ ఆజ్ఞ టైపు చేయాలి. డాస్, వర్డ్‌స్టార్, లోటస్ వన్ టూ త్రీ, డీబేస్, కొంచెం కోబాల్. ముందు కాగితం మీద ప్రోగ్రాము రాసి చూపిస్తేనే యంత్రం ముందు కూర్చోనిచ్చేవాళ్లు. విసనకర్రలా ఊగే అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలో పట్టేది 360 కిలోబైట్లు. ఈనాడు మన ఫోనులో తీసే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అయినా నాయన దాన్ని జామెట్రీ బాక్సు కంటే జాగ్రత్తగా, రెండు అట్టముక్కల మధ్య పెట్టి తెచ్చుకునేవాడట.

లోటస్ నేర్పేటప్పుడు టీచరమ్మ ఎవరికి తోచిన పట్టిక వాళ్లని చేయమంది. చాలామంది మార్కుల పట్టిక చేశారు. నాయన పెయిడప్ పట్టిక చేశాడు. ఒక గడిలో బీమా మొత్తం, ఒక గడిలో కట్టాల్సిన వాయిదాలు, ఒక గడిలో కట్టిన వాయిదాలు, చివరి గడిలో సూత్రం. ఇరవై ఎనిమిదిని ముప్పై రెండు చేస్తే, ఏడు వేలు తనంతట తానే ఎనిమిది వేలయింది. పక్కన కూర్చున్న ఇద్దరూ వాళ్ల ఇళ్లలోని పాలసీల అంకెలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు వాళ్ల గంట అయిపోయినా టీచరమ్మ యంత్రం ఆపలేదట.

కానీ అందరికీ ఆ పెట్టె మీద సంతోషం లేదు. బ్యాంకు ప్యూనుగా చేసే ఆయన కూడా ఈ కోర్సులో చేరాడు. ఒకరోజు ఆయన, "నేను దీన్ని నేర్చుకుంటున్నానా, నా ఉద్యోగం తినేవాణ్ణి మేపుతున్నానా?" అని అడిగాడట. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1960లలోనే బీమా ఉద్యోగులు కంప్యూటర్లు రాకూడదని పోరాడారు. కలకత్తాలో ఆ పోరాటం గట్టిగా నడిచింది. బ్యాంకుల్లో యంత్రాలు ఎట్లా పెట్టాలో చెప్పడానికి రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సంఘాలతో ఒప్పందాలు చేసుకుంటూ మెల్లమెల్లగానే పెట్టారు. ప్యూను గారి ప్రశ్నకి టీచరమ్మ జవాబు చెప్పలేకపోయింది. కానీ ఆయన కోర్సు మానలేదు. తర్వాత క్లర్కు పరీక్ష రాసి పాసయ్యాడని నాయన చెప్పాడు.

నాయన పెద్ద ఆఫీసరు కాలేదు. ఆ కాగితాల దుకాణంలోనే ఉన్నాడు. కొన్నేళ్లకి అక్కడికీ కంప్యూటర్ వచ్చింది, చిట్టా ఆవర్జాలు టాలీలోకి మారాయి. మార్చింది నాయనే. ముసలి గుమాస్తా రిటైరయ్యే ముందు చివరి ఆవర్జాని నాయనకిచ్చి, "నీ పెట్టె చెడిపోతే ఇది చూడు" అన్నాడట. బీమా సంస్థవారి పరీక్షల్లో మొదటి మెట్టయిన లైసెన్షియేట్ కూడా నాయన పాసయ్యాడు. దాని తర్వాత అసోసియేట్, ఫెలోషిప్ అని ఇంకా రెండు మెట్లున్నాయి. ఇంటి బాధ్యతల్లో అవి ఎక్కలేదు. అయినా ఆదివారం పొద్దున మా గడప దగ్గర ఎవరో ఒకరు కవరు పట్టుకొని నిలబడి ఉంటారు. "ఇదేం రాశారో కొంచెం చూడప్పా" అంటారు. నాయన కళ్లజోడు వెతుక్కుంటాడు.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. అక్క పోయిన ఏడాది ప్లస్ టూ కామర్స్‌లో మంచి మార్కులతో పాసయింది. అవ్వకి ఆపరేషను అయినందువల్ల ఇంట్లో అప్పుంది. అక్క ఒక మందుల షాపులో బిల్లింగుకి చేరింది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పని. "నీకేం ఫర్వాలేదు, నాలాగే సాయంత్రం కాలేజీలో చేరు" అన్నాడు నాయన ధైర్యంగా. ఇద్దరూ కలిసి నాలుగు కాలేజీలు తిరిగారు. రెండింటికి బోర్డు మీద ఇంకా సాయంకాలపు కళాశాల అనే ఉంది. కానీ తరగతులు మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదలై, సాయంత్రం ఆరు కాకముందే ముగుస్తాయి. దాన్ని రెండో షిఫ్టు అంటారు. పగలు సీటు దొరకని పిల్లలకి అది మంచిదే. పగలు పని చేసేవాళ్లు మాత్రం దానికి పోలేరు. ఆ రోజు నాయన ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. "పేరు అదే ఉంది, వేళ పోయింది" అని ఒక్క మాట అన్నాడు.

అక్క పని మానలేదు, చదువూ మానలేదు. దూరవిద్యలో బి.కాం.కి చేరింది. కొన్ని ఆదివారాలు తరగతులుంటాయి. రాత్రి ఎనిమిదికి టాలీ కోర్సుకి పోతుంది, నేను తోడు పోతాను. దూరవిద్య పుస్తకాలు బాగానే ఉన్నాయి. కానీ పుస్తకం పక్కన మనిషి ఉండడు. నాయనకి ఉన్నట్టు నిద్రపోతే నోట్సు ఇచ్చే స్నేహితుడు, పాలసీ కాగితం చూపిస్తే చదివి అవునని చెప్పే సారు అక్కకి లేరు. అందుకే రాత్రి పూట నాయనే ఆ పాత నోటు పుస్తకం తీసి సారు అవుతున్నాడు. అక్క కుడి పేజీల్లో కొత్త మాటలు చేరుస్తోంది. జి.ఎస్.టి. ఇన్‌పుట్ క్రెడిట్ అనే మాట ఎదురుగా "ముందు కట్టింది తర్వాత తగ్గించుకోవడం" అని రాసింది.

నాతో చదివేవాళ్లలో చాలామందికి రేపు ఇదే ప్రశ్న వస్తుంది. మనలో కొందరు పనికి పోతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పద్దెనిమిదేళ్లు నిండి పదో తరగతి పాసైతే బీమా ఏజెంటు పరీక్షకి కూర్చోవచ్చు. టాలీ నేర్చుకోవచ్చు. తెలుగు మీడియం అని వెనక్కి తగ్గొద్దు. కుడి పేజీ మన చేతిలో ఉంటే ఎడమ పేజీ మెల్లగా వస్తుంది.

చివరికి మా హెడ్మాస్టర్ గారిని, కమిటీ పెద్దల్ని ఒకటి అడగాలని ఉంది. మన బడి సాయంత్రం అయిదుకి మూతపడుతుంది. గదులు, బెంచీలు, ఫ్యాన్లు, ఎనిమిది కంప్యూటర్లు అన్నీ తాళం లోపల ఉంటాయి. ఆరున్నరకి పని నుంచి తిరిగొచ్చే మన పాత విద్యార్థులు అదే గేటు ముందునుంచి నడిచి ఇళ్లకి పోతారు. వారానికి రెండు సాయంత్రాలు, ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా, ఒక్క గది తెరిస్తే చాలు. లెక్కలు రాయడం, బీమా కాగితం చదవడం, కంప్యూటర్‌లో పట్టిక వేయడం తెలుగులో చెప్పేవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. మా నాయన వస్తానన్నాడు. జీతం వద్దన్నాడు. ఫ్యాను ఉంటే చాలన్నాడు.